గుండు మీద తువ్వాలు

మా ఊరి కళ్లంలో ఒక గుండు ఉంది. నల్లరాయి. పైన నున్నగా, కింద గరుకుగా, ఎర్రమట్టిలో కొంచెం కూరుకుని ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు దాన్ని ఎత్తినానని నేను చానా కాలంగా చెప్పుకుంటా వస్తున్నాను. పెండ్లికి ముందు మోకాళ్ల దాకా ఎత్తినానని చెప్పేవాణ్ని. పెండ్లయినాక అది రొమ్ము దాకా వచ్చింది. తిరుపతిలో లాడ్జి ఉద్యోగానికి చేరి, గది ఖాళీ అయ్యేదాకా మూటాముల్లె పక్కన పెట్టుకుని కూచునే యాత్రికులకు పొద్దుపోయేదానికి కతలు చెప్పడం మరిగినాక గుండు భుజం దాటింది. భుజం దాటి కింద పడి, దొర్లుకుంటా పోయి, మా పెద్దనాయన పనిచేసే బెల్లం గానుగను గుద్దుకుంటే పెనంలో పాకమంతా నేలపాలయిందనీ, చీమలు ఆ ఏడు ఊరు విడిచి పోలేక అక్కడే పెండ్లిళ్లు చేసుకున్నాయనీ చెప్పేవాణ్ని. యాత్రికులు నవ్వేవాళ్లు. నిజంగా ఎంత ఎత్తినానో గుండుకు తెలుసు, నాకు తెలుసు. మేమిద్దరం గమ్మున ఉండేవాళ్లం.

మా ఊరు పూతలపట్టు కూడలి నుంచి లోపలికి పోవాల. కళ్లం అంటే అందరిదీ. చెనక్కాయలు ఎండబోసుకునేదానికి, వడ్లు తూర్పార బట్టేదానికి ఉమ్మడిగా పెట్టుకున్న తావు. పంట పనులన్నీ అయిపోయి, ఎండ దిగే పొద్దుకు గుండు చుట్టూ సున్నంతో గుండ్రంగా గీత గీసేవాళ్లు. ఆ గీత పేరు బరి. గీత లోపలి తావు పేరు కూడా బరే. దిగేవాడు చెప్పులు గీత బయట విడిచి, 'దిగినా' అని అందరికీ వినపడేటట్టు చెప్పి లోపలికి పోవాల. ఎత్తి భుజం మీదుగా ఎనక్కి వేస్తే గెలిచినట్టు. ఎత్తలేకపోతే 'చాలు' అని వాడి నోటితో వాడే చెప్పాల. ఇంకొకరు చెప్పకూడదు, చెయ్యి పట్టి బయటికి లాగకూడదు. వాడు ఎత్తేదాకానో, చాలనేదాకానో గీత చెరపకూడదు. గీత ఉన్నంతసేపూ అక్కడ వేరే పని జరగకూడదు. ఇంతే చట్టం. ఎవురు రాసినారో తెలియదు, అసలు రాసినట్టే లేదు.

మా నాయన పొట్టి మనిషి. కూలికి పోయేవాడు. ఆయన ఏ పెద్దరైతు ఇంటికి కూలికి పోయేవాడో ఆ రైతు కూడా గీత దగ్గరికొస్తే చెప్పులు విడవాల్సిందే. విడిచిన చెప్పులు పక్కపక్కనే ఉండేవి. ఊర్లో అట్లా ఉండే తావు ఇంకొకటి నేను చూడలేదు. నాయన ఒకతూరి దిగినాడు. గుండు మీద రెండు చేతులూ వేసి, దాని చెవిలో ఏదో చెప్పేవాడి మాదిరి వంగి, గుక్కపట్టి లాగి, కదలకపోతే లేచి నిలబడి 'చాలు' అన్నాడు. గొంతు తగ్గించకుండా అన్నాడు. నవ్వుకుంటా బయటికొచ్చి చెప్పులు తొడుక్కున్నాడు. ఒక్కడు కూడా ఎగతాళి చేయలేదు. ఎందుకంటే తరవాత దిగిన పెద్దరైతు కూడా ఆ మాటే అన్నాడు, రవ్వంత మెల్లిగా.

ఇప్పుడు చేన్లోకే మిషను వస్తుంది. కళ్లానికి పని పోయింది. గుండు దగ్గరికి పోయేవాళ్లూ లేరు. గుండు మీద కాకులు కూచుంటాయి.

ఇంక మా బామ్మర్ది సంగతి చెప్పాల. మా ఆవిడ తమ్ముడు. మామిడికాయలు జ్యూస్ ఫ్యాక్టరీకి తోలే చిన్న లారీ ఒకటి ఉంది వాడికి. మనిషి ఆజానుబాహువు. మాట అంతకంటే పొడుగు. ఒకనాడు నేను, పెద్దనాయన, వాడు తిరుపతికి పోవాలని పూతలపట్టులో బస్సుకు నిలబడినాం. బస్సు ఆగీ ఆగకముందే వాడు కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసిరినాడు. మేం ఎక్కి చూస్తే ఎవురో ఒకాయన తువ్వాలు మడిచి కమ్మీకి తగిలించి, సీట్లో కూచుని ఉన్నాడు.

"లెయ్యప్పా, అది నా సీటు."

"నువ్వు బయటుంటివే. సీటెట్లా నీదైతాది?"

"నేను బయటుంటే ఏమి, తువ్వాలు లోపలుండాది కదా. తువ్వాలుంటే మనిషున్నట్టే. ఇది నేను పెట్టిన రూలు కాదు. ఏ బస్సులోనన్నా పోయి అడుక్కో."

కండక్టరు టికెట్లు కొట్టుకుంటా వచ్చి, తగువు ఇని, "రూలు రూలే కదన్నా" అని ఆ మనిషిని లేపినాడు. పెద్దనాయన దారి పొడుగునా నవ్వుతానే ఉన్నాడు. ఈ తువ్వాలును మీరు మరిచిపోవద్దండి. మళ్లీ వస్తుంది.

ఒకరోజు సాయంత్రం బామ్మర్ది ఊరి వాళ్లను కళ్లం దగ్గరికి రమ్మన్నాడు. నాకు లాడ్జిలో సెలవు దినం, నేనూ పోయినాను. వాడు ఫోన్లో బొమ్మ చూపించినాడు. పచ్చటి ప్లాస్టిక్ గడ్డి, చుట్టూ వల, పైన పెద్ద పెద్ద లైట్లు, లోపల క్రికెట్టు ఆడుతున్న మగపిల్లోళ్లు. గేటు మీద బోర్డు.

"దీన్ని అరీనా అంటారు బావా. తిరపతిలో యాడ జూసినా ఇదే. మనూర్లో ఉండకూడదా?"

"ఉండచ్చు. మీ నాయన పెట్టిన తోపుండాది కదా రోడ్డు పక్కన, ఆడ పెట్టుకో."

"తోపులో చెట్లుండాయి."

"ఈడ గుండుండాది."

"గుండును జేసీబీతో తీయించి గట్టు మీద పడేస్తాలే. పంచాయతీ వాళ్లను అడిగినా. వాడకంలో లేని తావు, ఊరోళ్లు వద్దనకుంటే పెట్టుకోమన్నారు." వాడు అందరి వైపూ తిరిగి, "ఎవురన్నా వద్దంటాండారా?" అన్నాడు.

పిల్లోళ్లు ఆడుకునేదానికి ఒక తావంటే వద్దని ఎట్లా అంటారు? నేనే వద్దన్నాను.

"ఏల బావా? ఈ బరిలో ఆఖరుగా దిగినోడు ఎవుడు? ఎప్పుడు?"

నేను ఏళ్లు లెక్కబెట్టబోయి మధ్యలోనే విడిచినాను. అంత కాలమయింది.

"మీరు నిండా దిగినారు కదా," అన్నాడు వాడు, జనానికి కన్ను కొట్టి. "ఎత్తి ఇసిరినారు కదా, గానుగ దాకా. చీమల పెండ్లికి నన్ను పిలవలేదని ఇప్పటికీ నాకు కోపమే."

అందరూ నవ్వినారు. మా ఆవిడ కూడా నవ్వింది. ఆమె నవ్వు నాకు వేరేగా వినపడింది.

"సరే బావా, ఒక మాట. ఇప్పుడు దిగు. ఎత్తినావనుకో, ఈ తావు జోలికి రాను. మా అక్క మీద ఒట్టు. చాలంటివా, రేప్పొద్దన జేసీబీ వస్తాది."

యాబై దాటిన నడుము నాది. పొద్దస్తమానం కుర్చీలో కూచునే ఉద్యోగం. అయినా బామ్మర్ది ఇంట్లోంచే సున్నం తెప్పించి, గుండు చుట్టూ గీత నేనే గీసినాను. చెప్పులు విడిచినాను. కాళ్ల కింద మట్టి ఇంకా వేడిగా ఉంది. "దిగినా" అన్నాను.

గుండు కింద వేళ్లు దూర్చి లాగినాను. అది కదల్లేదు. ఇంకోతూరి లాగినాను. ఈసారి కదిలినట్టనిపించింది. కదిలింది గుండు కాదు, నా కుడి మణికట్టు. కటుక్కుమని అక్కడున్నోళ్లందరికీ వినపడింది.

"చాలు అను బావా," అన్నాడు బామ్మర్ది. వాడి మొహంలో నవ్వు పోయింది. పాపం, నిజంగానే బెదిరినాడు.

నేను చాలనలేదు. ఎడమ చేత్తో భుజం మీది తువ్వాలు తీసి గుండు మీద వేసి, బయటికొచ్చినాను. వాడి లారీలోనే పుత్తూరుకు పోయినాం. దారి పొడుగునా వాడే నా చెయ్యి పట్టుకుని కూచున్నాడు, వాడి స్నేహితుడు బండి తోలినాడు. కట్టు కట్టే ఆయన ఎముకను తడిమి, ఒక్క లాగు లాగి, ఆకు పసరు, గుడ్డు సొన పట్టించి, బద్దలు పెట్టి బిగించినాడు. బరువు ఎత్తవద్దన్నాడు. "ఎన్నాళ్లు సామీ?" అని బామ్మర్ది అడిగినాడు. "నేను ఇప్పేదాకా" అన్నాడాయన. ఆ మాట నాకు తేనె మాదిరి ఉండింది.

మరుసటి రోజు పొద్దన జేసీబీ వచ్చేసింది. కళ్లం గట్టున ఉరుముతా నిలబడింది. పెద్దనాయన గీత పక్కన మంచం వేసుకుని కూచున్నాడు. తొంబైకి దగ్గరపడిన మనిషి, బరి చట్టం గుర్తున్నోళ్లలో మిగిలింది ఆయనే.

"గీత చెరపకూడదురా," అన్నాడు.

"బావ వల్ల కాలేదు కదా పెద్దయ్యా."

"చాలన్నాడా?"

"చెయ్యి ఇరిగింది కదప్పా ఆయనకు!"

"నోరు ఇరగలేదు కదా. అన్నాడా?"

"అన్లేదు. అయితే బరిలో మనిషే లేడు. మనిషి లేకుండా బరెట్లయితాది?"

పెద్దనాయన కట్టెతో గుండును చూపించినాడు. "ఆడ తువ్వాలుండాది."

"తువ్వాలుంటే?"

"నువ్వే చెప్పాల. ఆ పొద్దు బస్సులో ఏమంటివి? తువ్వాలుంటే మనిషున్నట్టే అంటివా లేదా? యే బస్సులోనన్నా పోయి అడుక్కో అంటివా లేదా? పాపం ఆ మనిషిని లేపి నిలబెట్టి, తిరపతి దాకా కాళ్లు చాపుకోని పోతివి కదరా."

జేసీబీ డ్రైవరు కూడా నవ్వు ఆపుకోలేకపోయినాడు. ఆయన ఇంజిను ఆపేసి, "రూలు రూలే కదన్నా" అన్నాడు. ఈ ఒక్క మాట నేను కలిపింది కాదు. ఆయన నిజంగా అన్నాడు.

కట్టుతో లాడ్జికి పోయి కూచున్నాను. ఊర్లో బరి అట్లే ఉంది కాబట్టి నాకు దిగులు తగ్గలేదు. కట్టు విప్పినాక ఎత్తాల, లేదంటే చాలనాల. రెండోది నేను అనను. ఆ నిర్ణయం మణికట్టు విరిగినప్పుడే అయిపోయింది. మొదటిది ఎట్లా అనేదే ప్రశ్న.

అప్పుడొక సారు వచ్చి మా లాడ్జిలో దిగినాడు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనాయన. కట్టు చూసి ఏమయిందని అడిగితే నేను మొత్తం చెప్పినాను. మామూలుగా అయితే ఇంత గుండును అంత చేసి చెప్పేవాణ్నే, ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. కల్పించే ఓపిక లేదు.

"సార్, టీవీలో ఎలక్షన్లప్పుడు బరిలోకి దిగినారు, బరిలోకి దిగినారు అంటా ఉంటారే. వాళ్లెవురూ చెప్పులు విడిచినట్టు కనపడదు. అసలు బరి అంటే ఏంది సార్?"

ఆయన నవ్వి, "మీ ఊళ్లో మీరు గీసిందే," అన్నాడు. "గీత. హద్దు. బరిగీసి నిలబడ్డాడు అంటాం కదా, అందులో ఉండేది ఆ అర్థమే. మీ పక్కనే తమిళం ఉంది, వాళ్లు గీతను వరి అంటారు. కన్నడంలో బరె అంటే రాయడం, గీయడం. అన్నీ ఒక ఇంటి పిల్లలు కావచ్చు. ఖాయంగా చెప్పమంటే చెప్పలేను."

"గోదా అని కూడా అంటారు కదా సార్?"

"అది కుస్తీ వాళ్లది. మట్టిని తవ్వి మెత్తగా చేసి పెడతారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం నన్ను అడగొద్దు."

"మా బామ్మర్ది చెప్పే అరీనా?"

"అది ఇసుక. రోమువాళ్ల పాతభాషలో ఆ మాటకు అర్థం ఇసుకే. పోట్లాడుకునే చోట నెత్తురు పీల్చడానికి ఇసుక పోసేవాళ్లు. పోనుపోను ఆ పేరే చోటుకు మిగిలింది."

ఆయన కొండకు పోయినాక నేను ఆ మాటలే నెమరేసుకున్నాను. ఇసుక పోస్తే ఉంటుంది. తవ్విన మట్టి ఉంటుంది. మనవాళ్లు మాత్రం సున్నం గీతకు పేరు పెట్టినారు. ఒక వాన పడితే పోతుంది, ఒక ఆవు నడిచిపోతే చెదిరిపోతుంది. గీసేవాడు లేకుంటే బరి లేదు. ఆ రోజే సున్నం మూట ఒకటి కొని కౌంటరు కింద పెట్టుకున్నాను.

ఊళ్లో పొలంపని చేసుకునేవాళ్లు ఒకరిద్దరు సారు చెప్పింది నా నోటి నుంచి ఇని, "అంతేనా? నువ్వు ఇంకా ఏదన్నా బాగా చెప్తావనుకుంటిమే" అన్నారు. వాళ్లను నిరాశ పెట్టలేక, బరయ్య అనే రాక్షసుడు మా కళ్లంలో పండుకుంటే చుట్టూ గీసిన గీత అదని, వాడి బొడ్డే ఆ గుండని చెప్పినాను. సారు చెప్పింది ఒకరిద్దరికి గుర్తుంది. బరయ్య ఊరంతా పాకిపోయినాడు.

కట్టు విప్పినాక నేను పని మొదలుపెట్టినాను. లాడ్జిలో లిఫ్టు చెడినప్పుడల్లా యాత్రికుల సూట్‌కేసులు, బియ్యం మూటలు మెట్లెక్కించడానికి నేనే ఎగబడేవాణ్ని. నీళ్ల క్యాన్లు ఒక్కొక్కటి కాకుండా జంటగా ఎత్తేవాణ్ని. మా మేనేజరు నాకు గాలి సోకిందనుకున్నాడు. సంగటి ముద్ద పెద్దదయింది, పక్కన నంజుకునే ఊరిబిండి ముద్ద కూడా పెద్దదే. సెలవు దినం రాగానే మొదటి బస్సుకు ఊరికి పోయి, గీత మీద కొత్త సున్నం పోసి, చెప్పులు విడిచి, తువ్వాలు పక్కకు తీసి గుండు మీద చేతులు వేసేవాణ్ని. కదలదు. తువ్వాలు మళ్లీ వేసేవాణ్ని. చాలనేవాణ్ని కాదు.

అట్లా జరగ్గా జరగ్గా బామ్మర్దికి ఓపిక అయిపోయింది. ఒక సాయంత్రం కళ్లం దగ్గరికొచ్చి పెద్దనాయన్ను అడిగినాడు.

"పెద్దయ్యా, బరి నడస్తా ఉండంగా ఇంకొకడు దిగి ఎత్తేస్తే?"

"ఎత్తినోడిది గెలుపు. ముందున్నోడి వంతు అయిపోయినట్టే. గీత చెరపచ్చు."

"ఆ మాట ముందే చెప్పుండచ్చు కదా."

"నువ్వు అడగలేదు కదరా."

వాడు చెప్పులు విడిచినాడు. నా చెప్పుల పక్కనే విడిచినాడు. వాడి భుజాలు చూస్తే ఎత్తేటట్టే ఉన్నాడు. ఊరు ఊరంతా వచ్చింది. మా ఆవిడ ముందు వరసలో నిలబడింది.

వాడు "దిగినా" అని, మట్టి చేతులకు రుద్దుకుని, గుండును వాటేసుకుని లేపినాడు. గుండు లేచింది. మట్టిలోంచి బయటికొచ్చి, దాని కింద ఎప్పుడూ ఎండ చూడని తడి మట్టి కనపడింది. మోకాళ్ల దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. వాడి మెడనరాలు తాళ్ల మాదిరి అయినాయి. గుండు మళ్లీ పాత గుంతలోనే పడింది.

"చాలనురా," అన్నాను నేను. ఇంత ప్రేమగా వాడితో ఎప్పుడూ మాట్లాడలేదు.

వాడు వంగి మోకాళ్లు పట్టుకుని రొప్పుతా ఉన్నాడు.

"అను తమ్ముడూ," అనింది మా ఆవిడ. "రోట్లో రుబ్బుడుగుండు ఎత్తే పని ఉంటే చెప్తాలే, అదన్నా ఎత్తుదువు. మీ బావ చెయ్యి ఇరిగినా అనలేదు. నీకు చెయ్యి బాగానే ఉండాది కదా, అనేసి పో."

వాడు ఆమె వైపు చూసినాడు, నా వైపు చూసినాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, నా తువ్వాలు పక్కన గుండు మీద వేసినాడు. చెప్పులు తొడుక్కుని పోయినాడు.

మోకాళ్ల దాకా లేచిందనే మాట పక్క ఊర్లకు పోయింది. చెయ్యి ఇరిగిన లాడ్జి గుమాస్తా ఇంకా చాలనలేదనే మాట కూడా పోయింది. దాంతోపాటు బరయ్య కూడా పోయినాడు. ఒక్కొక్కరే రావడం మొదలయింది. చెరుకు కొట్టేవాళ్లు, ఆటో తోలేవాళ్లు, చర్చిలో తబలా వాయించే ఒకాయన, చిత్తూరులో కోర్టుకొచ్చి పని తొందరగా అయిపోతే ఇటు తిరిగిన ఇద్దరు. దిగినారు, లాగినారు. కొందరు 'చాలు' అని నవ్వుకుంటా బయటికొచ్చినారు. కొందరు తువ్వాలు వేసి పోయినారు. గీత దగ్గర చెప్పులు కలిసిపోయి, ఎవురిది ఎవురు వేసుకుని పోయినారో తెలియక తగువులు కూడా అయినాయి.

పంచాయతీ నుంచి ఒకాయన వచ్చి చూసి, "ఈ తావు వాడకంలోనే ఉండాదే" అని పోయినాడు. మళ్లీ రాలేదు.

బామ్మర్ది రోడ్డు పక్క తోపులో కాపు తగ్గిన ముసలి బెంగుళూర మామిడి చెట్లు కొట్టించి, అక్కడే పచ్చగడ్డి పరిచి వలలు కట్టినాడు. మంచిగానే నడుస్తోంది. సాయంత్రమయితే ఊర్లో పిల్లోళ్లంతా అక్కడే. ప్రారంభం నాడు నన్ను పిలిచి, బోర్డు కింద నిలబెట్టి అడిగినాడు.

"బావా, నువ్వు ఎవురో సారును అడిగినావంట కదా. అరీనా అంటే ఏంది?"

"ఇసుక."

"నిజం చెప్పు బావా."

"నిజమేరా. ఇసుక."

"నేనేదో రాజ్యం మాదిరి అనుకొంటి," అన్నాడు దిగాలుగా. అంతలోనే తేరుకుని, "అందుకే గదా కింద ఇసుక పోసి దాని మీద గడ్డి పరిచింది" అన్నాడు. వాడు నా బామ్మర్దే. సందేహం లేదు.

పొద్దన లారీ తీసే ముందు వాడు కళ్లానికి వస్తాడు. చెప్పులు విడిచి, గుండును ఒకతూరి లాగి పోతాడు. మోకాళ్లు దాటించాలని వాడి పట్టుదల. వాడు రాకముందే లేచి రావాలని నాది.

పోయిన సెలవు దినం ముందు రోజే ఊరికి పోయి, తెల్లారీ తెల్లారకముందే కళ్లం చేరినాను. వాన పడి గీత సగం చెరిగిపోయి ఉంది. ఎవురూ లేరు. తువ్వాళ్లన్నీ తీసి పక్కన పెట్టి, గుండు కింద చేతులు దూర్చినాను. లేచింది. మట్టిని విడిచింది. మోకాళ్లు దాటింది. తొడల మీద ఒక్క క్షణం ఆనించుకుని, మళ్లీ లాగితే రొమ్ము దాకా వచ్చింది. వాననీళ్లు దాని మీద నుంచి నా చొక్కాలోకి కారినాయి. దాని వాసన తెలిసింది, తడిసిన కొత్త కుండ వాసన. భుజం ఇంకా జానెడే. వేసేసుంటే అయిపోయేది. గెలుపు నాది. అయితే గీత చెరిపేస్తారు. తువ్వాళ్లు ఎవురివి వాళ్లు తీసుకుపోతారు. గుండు మీద మళ్లీ కాకులు కూచుంటాయి. ఏదో ఒక పొద్దు మళ్లీ ఎవురో వచ్చి, వాడకంలో లేని తావు అంటారు.

మెల్లిగా దించినాను. పాత గుంతలోనే, పాత పక్కకే తిప్పి కూచోబెట్టినాను. తువ్వాళ్లు ముందున్నట్టే కప్పినాను. నమ్మేవాళ్లు నమ్మండి, ఇది చెప్పేదానికి నాకు సాక్షి లేడు. సున్నం మూట విప్పి, చెరిగిపోయిన గీత మీద పోసుకుంటా వస్తుంటే బామ్మర్ది వచ్చి చెప్పులు విడిచినాడు.

"ఏం బావా, కదిలిందా?"

"రవ్వంత కూడా కదల్లేదురా," అన్నాను.